స్పెయిన్‌లో 11 రోజులు: మా ఆవిడ మొక్కు, నేను చూడాలనుకున్న ఊళ్లు, ఈ ప్లాన్ కుదురుతుందా?

బెజవాడ ఇంజనీర్:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. ఈ అక్టోబరుకి మా పెళ్లయి 25 ఏళ్లు నిండుతాయి. మూడేళ్ల కిందట మా ఆవిడకి పెద్ద ఆపరేషన్ అయింది. అప్పుడు హాస్పిటల్ మంచం మీదే జపమాల పట్టుకుని, లేచి తిరిగితే స్పెయిన్‌లో యేసు శిష్యుడు యాకోబు గారి సమాధి దగ్గర మోకరిస్తానని మొక్కుకుంది. ఆయనే ఎందుకంటే, ఆమె పుట్టిన ఊళ్లో గుడి ఆయన పేరు మీదే ఉంది, చిన్నప్పటి నుంచి ఏ కష్టమొచ్చినా ఆయనకే చెప్పుకోవడం అలవాటు. గుణదల మొక్కు ఆ మరుసటి ఫిబ్రవరి తిరునాళ్లలోనే తీర్చేశాం. ఇది మాత్రం ప్రతి ఏడూ ఏదో ఒక అడ్డం వచ్చి ఆగిపోతోంది.

నేను హిందువుని. ఆమెతో గుడికి వెళ్తాను, పూజ అయ్యేదాకా పక్కనే కూర్చుంటాను. మా ఇంట్లో ఈ విషయం మీద ఎప్పుడూ మాట రాలేదు. సివిల్ ఇంజనీర్ని కాబట్టి బార్సిలోనాలో గౌడీ అనే ఆర్కిటెక్ట్ కట్టిన గుడి, గ్రనడాలో అల్హంబ్రా కోట చూడాలని కాలేజీ రోజుల నుంచి కోరిక.

ఒక ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన ప్లాన్ ఇది: 8న బార్సిలోనాలో దిగి రెండు రాత్రులు, తర్వాత గ్రనడా, సెవిల్, మాడ్రిడ్, ఆవిలా, యాకోబు గారి సమాధి ఉన్న సాంతియాగో, అక్కడి నుంచి మళ్లీ ఇటు వచ్చి ఫ్రాన్సిస్ శౌరివారు పుట్టిన కోట, సరగోసా, 18న బార్సిలోనా నుంచి తిరుగు ప్రయాణం. కాగితం మీద బాగానే ఉంది కానీ రోజూ పెట్టెలు సర్దుకోవడమే సరిపోయేలా ఉంది. ఆమెకి మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే నాలుగైదు కిలోమీటర్లు నిదానంగా నడుస్తుంది, మెట్లే కష్టం.

అసలు టెన్షన్ ఏంటంటే, అంత దూరం వెళ్లి గుళ్లన్నీ టూరిస్టుల్లా చూసి వచ్చేస్తే ఆమె మనసు తృప్తి పడదు. టికెట్ కొనుక్కుని ప్రార్థన చేసుకోవాలా? భాష రాకుండా పూజలో కూర్చోవడం ఎలా? నడిచి వెళ్లనివాళ్లని సాంతియాగో గుడిలోకి రానివ్వరని ఎవరో అన్నారు, నిజమేనా? పూజలో అప్పం పంచే దివ్యసత్ప్రసాదం వరుసలో నేను నిలబడాలా, కూర్చోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

బార్సిలోనాలో అనంతపురం:

అన్నయ్యా, నేను ఇక్కడికి వచ్చి ఏడేళ్లు అవుతోంది. ముందు ఆ ప్లాన్‌లోంచి గ్రనడా, సెవిల్ తీసేయండి. అల్హంబ్రా మీద మీ కోరిక నాకు అర్థమవుతుంది, కానీ అది దక్షిణాన ఆ చివర. పాస్‌పోర్టు నంబరుతో టికెట్ ముందే తీసుకోవాలి, లోపలి రాజభవనాలకి గంట, నిమిషం వేసి ఇస్తారు, ఆ టైము దాటితే అంతే సంగతులు. ఈసారి వదిన మొక్కు కోసం వస్తున్నారు కదా, మీ ఇంజనీరు మనసుకి కావలసినంత బార్సిలోనాలోనే దొరుకుతుంది. ఇక్కడే నాలుగు రాత్రులు ఉండండి.

సగ్రాదా ఫమీలియా పని 1882లో మొదలైంది, మరుసటి ఏడు గౌడీ చేతికి వచ్చింది, 1926లో ట్రామ్ గుద్ది ఆయన పోయేదాకా దాని మీదే ఉన్నాడు. ఆయన సమాధి కూడా ఆ గుడి కిందే, నేలమాళిగలో. లోపలి స్తంభాలు చెట్టు కొమ్మల్లా పైకెళ్లి చీలతాయి. ఎక్కడ ఎక్కువ బరువు పడుతుందో అక్కడ గట్టి రాయి, తక్కువ పడేచోట ఇసుకరాయి. గొలుసులకి బరువులు కట్టి తలకిందులుగా వేలాడదీసి వంపులు ఎలా లెక్కగట్టాడో చూపించే నమూనా కింద మ్యూజియంలో ఉంది, మీరు దాని దగ్గరే గంటసేపు నిలబడిపోతారు. దీనికి టికెట్ ఆన్‌లైన్‌లో ముందుగానే తీసుకోండి. మీరు 9 లేదా 10వ తేదీ సాయంత్రానికి తీసుకుంటే పడమటి ఎండ రంగు అద్దాల్లోంచి పడి గుడి ఆ పక్కంతా ఎర్రగా, నారింజ రంగుగా మారిపోతుంది.

కానీ వదినకి మాత్రం ఆ టికెట్ ముఖ్యం కాదు. 11 ఆదివారం ఉదయం 9 గంటలకి పైన పెద్ద గుడిలోనే పూజ ఉంటుంది, రకరకాల భాషలు కలిపి చేస్తారు, డబ్బులేమీ లేవు. ముందు వచ్చినవాళ్లకే చోటు, కాబట్టి ఎనిమిదికల్లా వరుసలో ఉండండి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, మన చీరకి ఆ బాధ లేదు. మామూలు రోజుల్లో కింద నేలమాళిగలోని విచారణ గుడిలో, అంటే ఆ పేటవాళ్ల గుడిలో, పూజ జరుగుతుంది, అక్కడ చుట్టుపక్కల ఇళ్ల ముసలమ్మలే ఎక్కువ. నాకైతే అక్కడే ప్రార్థన కుదురుతుంది.

ఒకరోజు పూర్తిగా మొంత్సెర్రాత్ కొండకి ఇవ్వండి. ప్లాసా ఎస్పాన్యా నుంచి రైలు, మొనిస్త్రోల్‌లో దిగి పళ్ల చక్రాల రైలు ఎక్కితే మెట్లు లేకుండా కొండ మీద మఠం దాకా తీసుకెళ్తుంది. అక్కడి మరియతల్లి నల్లని రూపం, 12వ శతాబ్దపు చెక్క విగ్రహం. చుట్టూ అద్దం ఉంటుంది కానీ తల్లి కుడిచేతిలోని గోళం ఒక్కటి అద్దంలోంచి బయటికి ఉంచారు, అందరూ దాన్ని తాకి దణ్ణం పెట్టుకుంటారు. ఆ చోటికి కొన్ని మెట్లు ఉన్నాయి, వదినని నిదానంగా ఎక్కించండి, వెనక జనం ఉన్నా ఎవరూ తొందరపెట్టరు. బయటికి వచ్చే దారి గోడ పొడుగునా రంగురంగుల కొవ్వొత్తులు వెలుగుతుంటాయి, మొక్కు కొవ్వొత్తి అక్కడ పెట్టించండి. మధ్యాహ్నం ఒంటిగంటకి మఠం బడి పిల్లలు పాడతారు, అక్టోబరులో బడి నడుస్తుంది కాబట్టి వినే వీలుంది, ఆ వారం టైములు ముందే చూసుకోండి.

ఇంకొక్క మాట. ఈ ఊళ్లో మాది అనంతపురం అంటే చాలామంది ముఖాలు వెలిగిపోతాయి. మా జిల్లా పేదల కోసం పనిచేసిన ఫాదర్ ఫెర్రర్ పుట్టింది ఈ బార్సిలోనాలోనే, 1920లో. 1969లో అనంతపురం చేరి 2009లో పోయేదాకా మా జిల్లాలోనే ఉన్నారు. ఒకసారి మొంత్సెర్రాత్ రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నా ఊరు అడిగి, పర్సులోంచి ఒక ఫొటో తీసి చూపించింది. రెండు జడలు, నీలం యూనిఫాం వేసుకున్న మా జిల్లా పిల్ల. ఆ పాప చదువుకి ఆమె నెలనెలా డబ్బు పంపుతోందట, ఫొటో అంచులు నలిగిపోయి ఉన్నాయి. ఆరోజు కొండ మీద నేను చేసిన ప్రార్థన ఆ పెద్దావిడ కోసమే.

మెట్రోలో, రాంబ్లా వీధిలో పర్సులు జాగ్రత్త. మా తమ్ముడి పాస్‌పోర్టు అలాగే పోయింది, వారం రోజులు నరకం చూశాం. ఒరిజినల్ రూమ్‌లో ఉంచి కాపీ పెట్టుకు తిరగండి.

సికింద్రాబాద్ పెద్దాయన:

బ్రదర్, నడవనివాళ్లని గుడిలోకి రానివ్వరన్న మాట అబద్ధం. కనీసం 100 కిలోమీటర్లు నడిచి, దారిలో ముద్రలు వేయించుకున్నవాళ్లకి ఒక యాత్రా పత్రం ఇస్తారు, సైకిల్ మీదైతే 200 కిలోమీటర్లు. తేడా ఆ కాగితం వరకే. యాకోబు గారి దగ్గరికి ఎవరైనా వెళ్లవచ్చు.

మేమిద్దరం కిందటేడు వెళ్లాం, మా ఆవిడకి కూడా మోకాళ్లు బాగాలేవు. మేం చేసింది చెప్తాను. ఊరికి ఐదు కిలోమీటర్ల అవతల మోంతె దో గోసో అని ఒక గుట్ట ఉంది, ఆనందపు కొండ అని అర్థం. నెలల తరబడి నడిచి వచ్చినవాళ్లకి గుడి గోపురాలు మొదటిసారి కనబడేది అక్కడి నుంచే. మేం టాక్సీలో అక్కడికి వెళ్లి, అక్కడి నుంచి నడిచి ఊళ్లోకి వచ్చాం. చాలావరకు పల్లమే. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాం, జపమాల మొత్తం చెప్పుకున్నాం. సన్నగా జల్లు పడుతోంది, ఆ ప్రాంతంలో వాన ఎక్కువ, గొడుగు మరిచిపోవద్దు. గుడి ముందు పెద్ద ఆవరణలోకి అడుగుపెట్టేసరికి మా ఆవిడ చెప్పులు విడిచి రాళ్ల మీద నిలబడింది, ఒక్క మాట మాట్లాడలేదు. పక్కనే కాళ్లకి కట్లు కట్టుకున్న కుర్రాడు కూలబడి ఏడుస్తున్నాడు, వాడికి తన నీళ్ల సీసా ఇచ్చింది.

గుడిలో యాత్రికుల పూజ మధ్యాహ్నం 12కి, రాత్రి ఏడున్నరకి ఉంటుంది. పెద్ద బ్యాగులు లోపలికి తేనివ్వరు. పూజకి గంట ముందు వెళితే కూర్చునే చోటు దొరుకుతుంది. ప్రధాన పీఠం వెనక మెట్లెక్కి యాకోబు గారి విగ్రహాన్ని వెనక నుంచి కౌగిలించుకోవడం ఆచారం, మెట్లు ఇరుకు. దాని కిందే ఆయన అస్థికలున్న వెండి పెట్టె. చెల్లెమ్మ మోకరించాల్సింది అక్కడే. మోకరించి లేవడం కష్టమైతే మీరు చెయ్యి పట్టుకోండి. జనం తక్కువగా ఉండే పొద్దున్నే ఒకసారి, పూజ తర్వాత ఇంకోసారి వెళ్లండి, ఒక్కసారి చూసి వచ్చేసే చోటు కాదది. అందుకే సాంతియాగోలో రెండు రాత్రులు తగ్గించవద్దు. ఎనిమిది మంది తాళ్లు లాగి ఊపే పెద్ద ధూపపాత్ర కోసం మాత్రం ఆశ పెట్టుకోకండి, అది కొన్ని పండుగలకి, ఎవరైనా కానుక ఇచ్చి అడిగినప్పుడే.

యాకోబు గారి పండుగ జూలై 25 ఆదివారం నాడు పడితే అది పవిత్ర సంవత్సరం, 2027 అలాంటిదే, అప్పుడు పవిత్ర ద్వారం తెరుస్తారు. దాని కోసం ఇంకో ఏడాది ఆగమని కొందరు సలహా ఇస్తారు. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే మొక్కు తీర్చుకోవాలి, ఆగవద్దు.

సరగోసాకి మీరు సరిగ్గా 12న వెళ్లండి. ఆరోజు స్తంభం మరియమాత పండుగ. సంప్రదాయ బట్టలు కట్టుకున్న జనం కుటుంబాలు కుటుంబాలుగా పూలు తెచ్చి గుడి ముందు ఆవరణ మధ్యలో తల్లి చుట్టూ పేరుస్తారు, రాత్రికి అదంతా పూలకొండ అవుతుంది. మీరూ ఒక గుత్తి కొని తీసుకెళ్లండి. గదులు మాత్రం ఇవాళే చూసుకోండి. యాకోబు గారు అక్కడ సువార్త చెప్తూ నిరాశపడితే మరియతల్లి స్తంభం మీద నిలిచి ధైర్యం చెప్పిందని వాళ్ల నమ్మకం. అందుకే చెల్లెమ్మ మొక్కుకి ఆ ఊరు కూడా చెందుతుంది, ముందు అక్కడికి వెళ్లి తర్వాత సాంతియాగో చేరడమే వరుస. గుడి వెనక వైపు స్తంభం రాయి కొంచెం కనబడేలా ఉంచారు, ముద్దులతో అది గుంట పడిపోయింది. వంగి ముద్దు పెట్టుకోవాలి.

ఫ్రాన్సిస్ శౌరివారి కోట ఈసారికి వదిలేయండి. నవార్రాలో పంప్లోనాకి 50 కిలోమీటర్ల అవతల ఉంది, బస్సులు తక్కువ. ఆయన పుట్టిన ఊరు అక్కడే కానీ ఆయన దేహం మన గోవాలోనే ఉంది కదా.

మాడ్రిడ్ కుర్రాడు:

అంకుల్, ముందు భాష గురించి. పూజ వరుస ప్రపంచమంతా ఒకటే కాబట్టి ఆంటీకి ఎక్కడ ఏం జరుగుతుందో తెలిసిపోతుంది. నేను చేసేది ఏంటంటే ఆరోజు బైబిల్ పఠనాలు పొద్దున్నే ఫోన్‌లో తెలుగులో చదువుకుని వెళ్తాను, వాళ్లు పరలోక ప్రార్థన స్పానిష్‌లో చెప్తుంటే నేను పక్కన మెల్లగా తెలుగులో చెప్పుకుంటాను. దివ్యసత్ప్రసాదం ఇస్తూ ‘ఎల్ కుయెర్పో దె క్రీస్తో’ అంటారు, క్రీస్తు శరీరం అని, ఆమెన్ అంటే చాలు. మీరు బెంచీలోనే కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు, ఇక్కడ కూర్చునేవాళ్లు చాలామందే ఉంటారు. ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకునేటప్పుడు మాత్రం పక్కవాళ్లు చెయ్యి చాపుతారు, మీరూ కలపండి.

టికెట్ సంగతి: పెద్ద గుళ్లలో చూడటానికి టికెట్, పూజకి ఉచితం. చాలాచోట్ల పూజకి వచ్చేవాళ్లకి వేరే తలుపు ఉంటుంది, కాపలా అతనితో ‘మీసా’ అంటే చాలు, దారి చూపిస్తాడు. కానీ పూజ అయ్యాక అక్కడే తిరుగుతూ ఫొటోలు తీయకండి, అది వాళ్లకి నచ్చదు, మనకీ మంచిది కాదు.

మీరు చూసుకున్నారో లేదో, 15న ఆవిలాపురి తెరేజమ్మ అనే పునీతురాలి పండుగ, మీరు ఆ రోజుకి ఇటే ఉంటారు. మాడ్రిడ్ నుంచి రైల్లో గంటన్నర. ఆమె పుట్టిన ఇల్లు ఇప్పుడు గుడి. 1562లో ఆమె స్థాపించిన మొదటి మఠం సాన్ హోసె కూడా దగ్గరే. మీకు అక్కడి కోటగోడ, చుట్టూ రెండున్నర కిలోమీటర్లు, మధ్యయుగం నాటిది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అంకుల్ గోడ ఎక్కి తిరగండి, ఆంటీని గుడిలో వదిలేయండి, గంట తర్వాత కలుసుకోండి. ఇద్దరూ అన్నీ కలిసే చూడాలని ఏమీ లేదు. 14న తొలెదో అనే పాత ఊరికి వెళ్లి వస్తే సరి, మాడ్రిడ్ నుంచి అరగంట పైచిలుకు.

వీసాకి ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. మా బాబాయికి ఒక ఏజెంట్ స్లాట్ ఇప్పిస్తానని పాతిక వేలు లాగాడు, మీరు సొంతంగానే చేసుకోండి. ఆవకాయ తెచ్చుకోండి కానీ మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు, మాంసం, పాల వస్తువులు బయటి నుంచి తేనివ్వరు. రాత్రి భోజనం ఇక్కడ ఎనిమిదిన్నర దాటాకే, ఆంటీకి మందులుంటే మధ్యాహ్నం గట్టిగా తిని సాయంత్రానికి రూమ్‌లో ఏదైనా ఉంచుకోండి.

బెజవాడ ఇంజనీర్:

అందరికీ చేతులెత్తి దణ్ణం. ఇవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ గుట్ట మీద నుంచి నడిచే సంగతి దగ్గర ఆపమని, మళ్లీ చదవమంది. రేపటి నుంచి పొద్దున్నే కాలవగట్టు మీద నడక మొదలుపెడతానంటోంది. అల్హంబ్రా తీసేశాను. 8 నుంచి 12 దాకా బార్సిలోనా, 12 రాత్రి సరగోసా, 13 నుంచి 16 దాకా మాడ్రిడ్, చివరి రెండు రాత్రులు సాంతియాగో, అక్కడి నుంచే మాడ్రిడ్ మీదుగా తిరుగు విమానం. సరగోసాలో గది ఇంకా దొరకలేదు, స్టేషన్‌కి దూరమైనా ఫరవాలేదా?

సికింద్రాబాద్ పెద్దాయన:

ఫరవాలేదు బ్రదర్, ఊళ్లో ట్రామ్ ఉంది, టాక్సీలూ ఉంటాయి. స్టేషన్‌కి కాదు, గుడికి దగ్గరగా చూడండి, పండుగ రోజు ఆ గుడి ఆవరణకి వెళ్లే వీధుల్లో బండ్లు ఆపేస్తారు, చెల్లెమ్మ మోకాళ్లకి అదే ముఖ్యం. గుడికి దగ్గర్లో దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టండి, మేం ఉన్న వీధి పేరు వెతికి చెప్తాను.