ఫారెస్ట్ ఔలెట్, వొలెమై పైన్: ఒకే చార్టులో పోల్చొచ్చా?

హన్మకొండ_బయాలజీ: సైన్స్ ఫెయిర్‌కి మా తొమ్మిదో తరగతి పిల్లలు ఈ రెండింటినీ ఎంచుకున్నారు. పక్షినీ చెట్టునూ ఏ అంశాల మీద పోల్చాలి? శాంపిల్‌గా సరుగుడు కాయలు తెస్తామంటున్నారు, పనికొస్తాయా?

పాకాల_పక్షులు: పోల్చొచ్చు సార్. రెండూ ఆలస్యంగా బయటపడ్డవే. ఈ చిన్న గుడ్లగూబ 1884 తర్వాత మళ్లీ 1997లోనే, మహారాష్ట్రలోని షహాదా దగ్గర కనిపించింది. మధ్యలో ఒక సేకర్త దొంగిలించిన నమూనాకు గుజరాత్ పేరుతో దొంగ లేబుల్ అంటించడంతో వెతుకులాట దారి తప్పింది. చెట్టు 1994లో సిడ్నీకి వాయవ్యంగా లోతైన లోయల్లో దొరికింది.

అయితే చార్టులో ఎక్కువ చోటు తేదీలకు కాదు, కారణాలకు ఇవ్వండి. ఔలెట్ ఉండేది మన ఏటూరునాగారం లాంటి ఎండు టేకు అడవుల్లో. గూటికి తొర్ర ఉన్న ముదురు చెట్టు కావాలి. అడవి సాగులోకి పోతే తొర్రలూ పోతాయి, పక్షులు ఒకదానికొకటి దూరమై అక్కడక్కడా చిన్న గుంపులుగా మిగిలిపోతాయి.

ఫొటో జాగ్రత్త! మన ఊళ్లల్లో కనిపించే పైడికంటె అనే మరో చిన్న గుడ్లగూబ ఫొటో అంటించేస్తారు. దాని నెత్తి మీద తెల్ల చుక్కలు స్పష్టంగా ఉంటాయి. ఔలెట్ నెత్తి దాదాపు చుక్కల్లేకుండా ఉంటుంది, ముక్కు లావు, కాళ్లకు దట్టమైన తెల్ల ఈకలు. పగలే తిరుగుతుంది.

నర్సరీ_ములుగురోడ్: చెట్టు సంగతి వేరు. అడవిలో ముదురు చెట్లు వందలోపే. ఒకే మొదలు నుంచి చాలా మానులు లేస్తాయి, కాబట్టి మానులు లెక్కపెట్టి అవే చెట్లు అనుకోవద్దు. జన్యుపరంగా అన్నీ దాదాపు ఒకటే, ఒకదాన్ని చంపే తెగులు అన్నింటినీ చంపగలదు. 2005లో వేరుకుళ్లు తెగులు ఫైటోఫ్తోరా అక్కడ బయటపడింది. అది బూట్ల మట్టితో వస్తుంది, అందుకే ఆ చోటు రహస్యంగా ఉంచారు. కొమ్మ ముక్కలు నాటి పెంచి అమ్ముతున్నారు. పక్కకొమ్మ నాటితే అది పక్కకే పాకుతుంది, నిటారు చెట్టు కావాలంటే నిలువు చిగురే తీసుకోవాలి. ఔలెట్‌కి ఇలాంటి దారి లేదు. పోలికలో అసలు తేడా ఇదే.

సరుగుడు వద్దు సార్, అది పూలు పూసే చెట్టు, వొలెమై పూలు పూయని శంకువుల చెట్టు. సరుగుడులో సూది ఆకులా కనిపించేది పుల్లే, దాన్ని కణుపు దగ్గర లాగితే ఊడొస్తుంది, అక్కడి సన్నని పళ్లే దాని ఆకులు. క్రిస్మస్ చెట్టని అమ్మే అరకేరియా కొమ్మ తెప్పించండి, అది వొలెమై కుటుంబమే.