ఫర్ సీళ్లు లక్షల్లోకి తిరిగొచ్చాయి కదా, ఇంకా జన్యు వైవిధ్యం గురించి టెన్షన్ ఎందుకు?

సైనిక్‌పురి తాతయ్య:
మొన్న ఆదివారం మనవరాలిని జూ పార్కుకు తీసుకెళ్లాను. సింహాల దగ్గర "తాతా, ఇవి ఎన్ని ఉంటే ఇక భయం లేనట్టు?" అని అడిగింది. జవాబు కోసం వెతుకుతుంటే అంటార్కిటిక్ ఫర్ సీళ్ల కథ కంటపడింది. ఇవి సముద్రంలో తిండి వెతుక్కుని, ఒడ్డున పిల్లల్ని కనే బొచ్చు జంతువులు. 1775లో కెప్టెన్ కుక్ దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి చూసి వచ్చి, అక్కడ సీళ్లున్నాయని చెప్పాక వేట ఓడలు వరుస కట్టాయి. ఆ బొచ్చు తోలు కోసం నూరేళ్లలో దాదాపు అన్నిటినీ చంపేశారు. 1930ల్లో దాని పక్కనే ఉన్న బర్డ్ ఐలాండ్‌లో కొద్ది జంతువులే కనిపించాయట. అలాంటిది ఆ శతాబ్దం ముగిసేసరికి లక్షలకు లక్షలు!

అందుకే నా ఉద్దేశం, వేట ఆపితే చాలు. మన గిర్ సింహాలు 2020లో 674, 2025లో 891. అంత బాగా పెరుగుతుంటే, 2013లో సుప్రీంకోర్టు చెప్పిందని కొన్నిటిని మధ్యప్రదేశ్‌లోని కునో అడవికి తరలించాల్సిందేనన్న పట్టు ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

తార్నాక లెక్చరర్:
తాతయ్య గారూ, మీరు చెప్పిన కథంతా నిజమే. కానీ అందులోంచి మీరు తీసిన అర్థంతో నేను ఏకీభవించలేను.

బర్డ్ ఐలాండ్‌లో మిగిలిన గుప్పెడు జంతువులే మళ్లీ అన్ని దీవులనూ నింపాయని చాలాకాలం అనుకున్నారు. డీఎన్ఏ చూశాక తెలిసింది వేరు. అంటార్కిటికా దగ్గరున్న సౌత్ షెట్లాండ్ దీవుల సీళ్ల జన్యువులు సౌత్ జార్జియా వాటికంటే స్పష్టంగా భిన్నం. అంటే వేటగాళ్ల కంటపడకుండా వేర్వేరు మూలల్లో వేర్వేరు గుంపులు బతికి బయటపడ్డాయి. ఆడ సీల్ తను పుట్టిన చోటికే వచ్చి పిల్లను కంటుంది, కొన్నయితే పుట్టిన జాగాకు తమ ఒంటి పొడవంత దూరంలోనే. అలాంటి జీవిలో ఒక మూల గుంపు పోతే దాని వైవిధ్యం, అంటే దాని జన్యువుల్లోని తేడాలు, దానితోనే పోతాయి, పక్క దీవి నుంచి వచ్చి ఎవరూ పూడ్చరు. ఫర్ సీల్‌ను కాపాడింది వేట నిషేధం ఒక్కటే కాదు. అది ఒకటికి మించిన చోట్ల మిగిలి ఉండటం కూడా. గిర్ సింహానికి లేనిది సరిగ్గా అదే.

ఇంకో మాట. ఆ సౌత్ షెట్లాండ్ గుంపు 2007 తర్వాత ఘోరంగా పడిపోయింది. పిల్లల్ని లెపర్డ్ సీళ్లనే మరో జాతి పెద్ద సీళ్లు తినేస్తున్నాయి. మొత్తం లెక్కలో ఆ గుంపు ఎంత చిన్నదంటే, అది పూర్తిగా పోయినా మీరు చదివే అంకె పెద్దగా మారదు.

ఓయూ ఎమ్మెస్సీ:
సార్, నాదో డౌట్. నార్తర్న్ ఎలిఫెంట్ సీళ్లు వేట తర్వాత పదుల్లోనే మిగిలాయని మీరే క్లాసులో చెప్పారు. 1974లో వందకు పైగా జంతువుల రక్తం పరీక్షిస్తే ప్రోటీన్లలో ఒక్క తేడా కూడా దొరకలేదు. అయినా ఇవాళ లక్ష దాటాయి. మరి వైవిధ్యం లేకపోతే ఏమైంది?

తార్నాక లెక్చరర్:
మంచి ప్రశ్న అడిగావమ్మా. ఇప్పటిదాకా ఏమీ కాలేదు, నిజమే. తిండి ఉండి, రోగం రాకపోతే ఒకే రకం జన్యువులతోనూ సంఖ్య పెరుగుతుంది. కష్టకాలంలో ఏమవుతుందో చూడాలి. దానికి బర్డ్ ఐలాండ్‌లో దశాబ్దాలుగా రాసిపెట్టిన లెక్కలున్నాయి. సముద్రం వేడెక్కి క్రిల్ తగ్గాక, అంటే ఆ సీళ్లు తినే రొయ్యలాంటి చిన్న జీవులు తగ్గాక, పిల్లను కనే వయసు దాకా బతుకుతున్న ఆడవాటిలో తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి మరో రూపం జన్యువులు అందుకున్నవే ఎక్కువవుతున్నాయని 2014లో తేలింది. మిగతావి ముందే రాలిపోతున్నాయి. ఈ గుణం నేరుగా పిల్లకు అందదు కాబట్టి ప్రతి తరంలోనూ ఆ చావులు మళ్లీ మొదలవుతాయి. ఇది నన్ను నిద్రపోనివ్వని విషయం.

ఆడ సీల్‌కు కూడా ఇది తెలుసేమో అనిపిస్తుంది. పక్కనే మగది ఉన్నా, 35 మీటర్ల దాకా నడిచి వెళ్లి, తనకు చుట్టరికం లేని, వైవిధ్యం ఎక్కువున్న మగదాన్ని ఎంచుకుంటుందని 2007లో గమనించారు. మనం మేనరికం వద్దంటాం చూడు, అలాంటిదే.

అత్తాపూర్ వాసి:
మా కాలనీ దగ్గరే సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ల్యాబ్ ఉంది, అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసేది. మూషిక జింకల్ని జూలో పెంచి అమ్రాబాద్ అడవిలో వదలడంలో వాళ్ల పాత్ర ఉంది కాబట్టి తరలింపుకు నేను వ్యతిరేకిని కాదు. కానీ సింహాలు వాటంతటవే గుజరాత్‌లోనే ఉన్న బర్డా కొండలకు వెళ్లాయి కదా, రెండో ఇల్లు దొరికినట్టే. పైగా కునోకు వెళ్లేవీ గిర్ సింహాలే అయినప్పుడు కొత్త వైవిధ్యం ఎక్కడి నుంచి వస్తుంది?

తార్నాక లెక్చరర్:
రాదండీ, ఒప్పుకుంటాను. అమెరికాలో ఫ్లోరిడా పాంథర్లనే పెద్ద పిల్లి జాతి జంతువులు దగ్గరి చుట్టరికంలోనే జతకట్టి దెబ్బతింటే 1995లో టెక్సస్ నుంచి 8 ఆడవాటిని తెచ్చి కలిపారు. మన సింహానికి అప్పు తెచ్చుకునే చోటు కూడా లేదు. ఉన్నదాన్ని రెండు చోట్ల దాచుకోవడమే మిగిలింది. బర్డా కూడా సౌరాష్ట్రలోనే ఉంది. 2018లో గిర్‌లో కుక్కల డిస్టెంపర్ వైరస్ సింహాల్ని చంపింది. అలాంటిది మళ్లీ పెద్దగా వస్తే రోగం చేరనంత దూరంలో ఒక గుంపు ఉండాలి. సౌత్ జార్జియాకే 2023లో బర్డ్ ఫ్లూ చేరిందంటే ఆలోచించండి.

సైనిక్‌పురి తాతయ్య:
వైవిధ్యం విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. కానీ గిర్‌లో సింహం బతికింది అక్కడి పశువుల కాపరులైన మాల్ధారీలు దాన్ని ఓర్చుకున్నందుకు. పశువు పోయినా ఊరుకునే అలాంటి మనుషులు కునోలో ఎక్కడ?

తార్నాక లెక్చరర్:
కునోలో సింహాల కోసమని 24 ఊళ్లను ఎప్పుడో ఖాళీ చేయించారు తాతయ్య గారూ. ఎక్కువమంది సహరియా గిరిజనులు. 2022లో అక్కడికి నమీబియా చీతాలు వచ్చాయి గానీ, వాళ్లు ఊళ్లు వదిలింది ఏ సింహాల కోసమో అవి ఇంకా రాలేదు.