అప్‌డేట్: ఏజెన్సీని ఆపేసి ఏఐతో సేల్స్ మెయిల్స్ మొదలుపెట్టాక

కొత్త కస్టమర్లకి మెయిల్స్ పంపే ఏజెన్సీని మానేసి, తక్కువ ఖర్చులో ఏఐతో ఆ పని చేయించుకోవచ్చా అని అడిగాను కదా. ఏజెన్సీని ఆపేశాం. పని నడుస్తోంది, కానీ నేను అనుకున్న దారిలో కాదు.

మెయిల్ రాయించడం తేలికే. అసలు తలనొప్పి అది ఇన్‌బాక్స్‌కి చేరడం. మీలో కొందరు చెప్పినట్టే మెయిన్ డొమైన్‌ని (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే మా కంపెనీ పేరు) ముట్టుకోకుండా వేరే డొమైన్ తీసుకుని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే సెట్టింగులు) మూడూ సెట్ చేశాం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రూల్స్ బిగించాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి మెయిల్స్‌కి ముగ్గురు 'స్పామ్' బటన్ నొక్కినా చిక్కే! అందుకే రోజుకి కొన్నే పంపుతూ మెల్లగా పెంచుతున్నాం.

ఏఐ ఒక్కో కంపెనీ వెబ్‌సైట్ చదివి డ్రాఫ్ట్ ఇస్తుంది. పంపే ముందు మనిషి చూడాల్సిందే. లేని ప్రాజెక్టుకి కూడా ధీమాగా అభినందనలు చెప్పేస్తుంది మరి. రిప్లైలను 'ఆసక్తి ఉంది', 'తర్వాత చూద్దాం', 'ఇక పంపొద్దు' అని విడదీయడంలో మాత్రం భలే పనికొస్తోంది. వద్దన్నవాళ్ల పేర్లు వెంటనే లిస్టులోంచి తీసేస్తున్నాం.

టూల్స్ బిల్లు ఏజెన్సీ ఫీజు ముందు చాలా చిన్నది. అయితే మా సేల్స్ అమ్మాయి రోజూ దీనికి పెట్టే టైమ్ కూడా ఖర్చే. మీటింగులు మునుపటికంటే తగ్గాయి, వచ్చేవాళ్లు మాత్రం విషయం తెలిసి వస్తున్నారు. ఫోన్ కాల్స్ ఏఐకి ఇచ్చే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు.