జుట్టు రాలకుండా తలకు రాసే మందు మినాక్సిడిల్ తర్వాత ఏం రాయాలి? వాడినవాళ్లు చెప్పండి

నాకు 29 ఏళ్లు. రెండేళ్లుగా రోజూ రెండు పూటలా 5 శాతం మినాక్సిడిల్ రాస్తున్నాను. నడినెత్తిన కాస్త నిలబడింది గానీ నుదుటి పక్కల జుట్టు వెనక్కి పోతూనే ఉంది. పొద్దున లేవగానే దిండు గలీబు మీద వెంట్రుకలు ఏరుకోవడమే పని.

జుట్టు రాలడానికే వాడే ఇంకో మందు ఫినాస్టెరైడ్‌ని పైపూతగా వాడదామంటే ఒకటే టెన్షన్. మేం పిల్లల కోసం చూస్తున్నాం. గర్భిణులకు ఆ మందు తగలకూడదంటారు. నా తల నుంచి దిండుకి, అక్కణ్ణుంచి మా ఆవిడకి అంటితే? రాత్రి కాకుండా పొద్దున రాసుకుంటే సరిపోతుందా?

ఇంకొకటి, క్లాస్కోటెరోన్ అని, చర్మం మీద మగ హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకునే పైపూత మందు. అమెరికాలో 2020లో మొటిమలకు అనుమతి వచ్చింది 1 శాతం క్రీముకి. జుట్టు కోసం పరీక్షించింది 5 శాతం ద్రావణం. ఆ క్రీమునే తలకు రాసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏమైనా తేడా కనిపించిందా? ఆన్‌లైన్‌లో పొడి కొని ఇంట్లో కలుపుకోమని మాత్రం చెప్పకండి, ఆ పని నేను చెయ్యను. దీని గురించి తెలిసిన చర్మ డాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి జవాబివ్వండి.