పాత టర్బో డీజిల్ పొగ టెస్టులో పోయింది: టర్బో మార్చాలా, ఈజీఆర్ మూసేయాలా?

పెన్నా_గట్టు (నెల్లూరు)
అన్నలారా ఒక పంచాయితీ తెచ్చా. నా బండి 2009 మోడల్, 2.2 టర్బో డీజిల్, ఏపీ 26 నంబరు. కంపెనీ పేరు చెప్పను, చెప్తే ఆ కంపెనీ మంచిదా ఈ కంపెనీ మంచిదా అని ఇక్కడ వేరే తిరనాళ్ళ మొదలవుద్ది. 2 లక్షల 10 వేలు తిరిగింది. 15 ఏళ్ళు నిండాక 5 వేలు ఫీజు కట్టి ఆర్‌సీ రెన్యూవల్ చేయించా, ఇంకా మూడున్నరేళ్ళు టైముంది. నిన్న పొల్యూషన్ సర్టిఫికెట్టుకి పోతే పొగ చిక్కదనం మిషన్లో 3.4 కొట్టింది. మనది బీఎస్ 3 (పొగ రూల్స్‌లో పాత మెట్టు) బండి, 2.45 లోపల రావాల. ఆ పిల్లోడు ఇంకోసారి తొక్కి చూసి, సైలెన్సర్ దగ్గర మొహం అంతా మసి చేసుకొని, కాదన్నా అన్నాడు.

పక్క షెడ్డులో చూపిస్తే బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండానే టర్బో (ఇంజన్లోకి గాలి ఎక్కువ తోసే ఫ్యాను) పోయిందన్నాడు, కొత్తది 45 వేలంట, లోపలి కోర్ ఒక్కటే మారిస్తే 18 వేలంట. ఇంకొకాయన 300 రూపాయల రేకు ముక్క పెట్టి ఈజీఆర్ (కొంత పొగని మళ్ళీ ఇంజన్లోకి పంపే వాల్వు) మూసేస్తే పొగే రాదన్నాడు. ఇంకో మహానుభావుడు బండి తేకపోయినా సర్టిఫికెట్ తెప్పిస్తా అన్నాడు. మా ఆవిడ బండే అమ్మెయ్యమంటుండాది. ఏం చెయ్యాలబ్బా?

రొయ్యల_గుంట (ఇందుకూరుపేట)
ఇందులో పంచాయితీ ఏముంది తమ్ముడూ, రేకు పెట్టించి పండుకో. నేను 2018లో పెట్టించా, ఈ రోజుదాకా ఒక్కసారి ఫెయిల్ కాలా, పికప్ కూడా పెరిగింది. ఈజీఆర్ అంటే ఏంది, సైలెన్సర్లోకి పోవాల్సిన పొగని మళ్ళీ ఇంజన్ నోట్లోనే పెట్టడం. మనం తిన్న ఎంగిలి మళ్ళీ మనమే తింటామా? దాని మసి మొత్తం ఇంజన్లోకి గాలి పోయే మానిఫోల్డులో తారు మాదిరి పేరుకుపోద్ది. మా గుంటల కాడ పది బండ్లుంటే ఏడింటికి రేకులే.

షెడ్డు_మనిషి (కావలి)
22 ఏళ్ళుగా డీజిల్ బండ్ల పనే నాది. ఆ టర్బో మాటని కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ. ముందు పొగ ఏం రంగో చెప్పు. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నీలంగా వస్తే ఆయిల్ కాలుతుండాది, అప్పుడు టర్బో సీలో, వాల్వ్ సీలో, రింగులో చూడాల. తెల్లగా వచ్చి వేడెక్కినా తగ్గకపోతే ఇంజెక్టరో హెడ్ గ్యాస్కెట్టో. టర్బో చెడితే ఈల మాదిరి సౌండు వస్తది, ఆయిల్ తగ్గుద్ది, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) పైపు పీకితే లోపల ఆయిల్ కారతా ఉంటది. ఇవేమీ లేకుండా టర్బో పోయిందని చెప్పినోడు నీ బండి చూళ్ళా, నీ చొక్కా చూశాడు.

పెన్నా_గట్టు
నల్లగానే అన్నా, కాటుక మాదిరి. ఆయిల్ తగ్గడంలా. హైవేలో ఎక్కుడు రోడ్డు వస్తే మాత్రం కొంచెం ఈడ్చినట్టు ఉంటది.

గెలాక్సీ_దుమ్ము (చీమకుర్తి)
అయితే హోస్ పైపులు చూడు బ్రో. నాకు ఇదే జరిగింది. మా ఊరి సంగతి తెలుసుగా, బ్లాక్ గెలాక్సీ రాయి ప్రపంచానికి పోద్ది, దాని దుమ్ము మాత్రం మా ఎయిర్ ఫిల్టర్లలోనే ఉంటది, కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లకి మార్చుకుందాం అనుకుంటే ఇక్కడ కుదరదు, నేను అందులో సగానికే మారుస్తా. నా బండికి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే రబ్బరు పైపు కింది వైపు చీలింది, పైనించి చూస్తే బాగానే కనపడుద్ది. గాలిని కొలిచే సెన్సర్ ఇంత గాలి వచ్చిందని లెక్క చెప్తది, కంప్యూటర్ ఆ లెక్కకి డీజిల్ కొడతది, గాలేమో మధ్యలో చీలిక నుంచి బయటికి పోతది. నల్ల పొగ రాక ఏం చేస్తది? పైపు మార్చా, క్లిప్పులు బిగించా, 1200తో అయిపోయింది.

షెడ్డు_మనిషి
పైపు చూడాల్సిందే, కాదనను. అయితే ఒక మాట. టెస్టులో బండి నిలబడి ఉంటది, న్యూట్రల్లో పెట్టి యాక్సిలేటర్ ఒక్కసారిగా అడుగుదాకా తొక్కి, రేస్ పూర్తిగా ఎక్కాక వదిలి మళ్ళీ తొక్కుతారు. లోడు లేనప్పుడు టర్బో గాలి పెద్దగా కట్టదు. గాలే కట్టకపోతే చీలికలోంచి పోయేదెంత? పైపు చీలితే రోడ్డు మీద పొగ బాగా కనపడుద్ది, టెస్టులో 3.4 రావాలంటే అదొక్కటే చాలదు. నా అనుమానం ఈజీఆర్ వాల్వు తెరుచుకొని ఇరుక్కుపోయిందని. తొక్కిన వెంటనే అది మూసుకోవాల, మసి పట్టి మూసుకోకపోతే తాజా గాలి రావాల్సిన చోట పొగే తిరుగుతుంది.

రొయ్యల_గుంట
చూశావా, మేస్త్రీ కూడా ఈజీఆర్ దగ్గరికే వచ్చాడు 😀 ఇరుక్కునే దాన్ని ఉంచుకొని తుడుచుకుంటా కూర్చోవడం దేనికి, మూసెయ్.

దర్శి_టీచర్
రొయ్యల గుంట గారూ, ఒక్క నిమిషం. ఈజీఆర్ పెట్టింది మిమ్మల్ని ఎంగిలి తినమని కాదండీ. లోపల మంట వేడి తగ్గించడానికి. వేడి ఎక్కువైతే గాలిలో ఉన్న నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతుంది, అది కంటికి కనపడదు. మన దగ్గర డీజిల్ బండికి చేసే పొగ టెస్టు కొలిచేది పొగ చిక్కదనం ఒక్కటే, కాంతి ఎంత అడ్డుకుంటుందో అంతే. నైట్రోజన్ ఆక్సైడ్లని ఆ మిషను చూడనే చూడదు. అందుకే మీ బండి పాసవుతుంది. మా బడి గేటు దగ్గర సాయంత్రం పిల్లల కోసం వచ్చి ఇంజన్లు ఆపకుండా పెట్టే బండ్లు పదీ పదిహేను ఉంటాయి, మా తరగతిలో ముగ్గురు పిల్లలు ఇన్‌హేలర్లు బ్యాగులో పెట్టుకొని వస్తారు, వాళ్ళకి మీ రేకు గురించి ఏం చెప్పమంటారు?

రొయ్యల_గుంట
మేడమ్, మీరు చెప్పింది నిజమే అనుకుందాం. మరి మసి మాటేంది? అది కూడా ఆ పిల్లల ఊపిరితిత్తుల్లోకే గదా పోయేది. రేకు పెడితే మసి తగ్గుద్ది, అది నా సైలెన్సర్లో వేలు పెట్టి చూపిస్తా. ఒకటి తగ్గితే ఒకటి పెరుగుద్ది. మీరు పెరిగేదే చెప్తుండారు, తగ్గేది నేను చెప్తుండా.

దర్శి_టీచర్
బాగా పనిచేసే ఈజీఆర్ ఉంటే రెండూ అదుపులో ఉంటాయి కదండీ. చెడిపోయిన దాన్ని, మూసేసిన దాన్ని పక్కపక్కన పెట్టి పోలిస్తే మూసిందే గెలుస్తుంది. శుభ్రంగా ఉన్నదాంతో పోల్చండి. ఇంకోటి, కంపెనీ ఇచ్చినదాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్లో ఉంది. పట్టుకుంటారా లేదా అనేది వేరే సంగతి.

బస్టాండు_సెంటర్ (ఒంగోలు)
అందరూ శాస్త్రం బాగా చెప్తున్నారు గానీ కర్నూల్ రోడ్డులో ఒక్క సాయంత్రం నిలబడండి. రాళ్ళ లారీ ఒకటి గేరు మార్చిందంటే వెనక వచ్చే స్కూటర్ కనపడదు. వాటన్నిటి అద్దాల మీదా సర్టిఫికెట్ ఉంటది. ఇంటి బండి వేసుకొని నెలకి నాలుగుసార్లు అత్తగారింటికి పోయేవాడు 45 వేలు పెట్టాలంట. ఆ బండి లేకుండా ఇచ్చే సర్టిఫికెట్టే తీసుకో బాసూ, దేశం ఏం మునిగిపోదు.

గెలాక్సీ_దుమ్ము
బండి లేకుండా ఎట్టా ఇస్తాడో నాకర్థం కాలా, ఇప్పుడు నంబరు ప్లేటు ఫొటో తీసి సిస్టంలో ఎక్కించాల గదా. ఎక్కడో ఏదో గోల్‌మాల్ చేస్తాడు, రేపు ఆపినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందర నిలబడేది వాడు కాదు, నువ్వే. 2019లో చట్టం మార్చాక పొల్యూషన్ కేసుకి 10 వేల దాకా ఉంది, లైసెన్సు కూడా మూడు నెలలు పోవచ్చు. ఇంకో సంగతి, బీఎస్ 3 బండికి ఆ సర్టిఫికెట్ ఆరు నెలలకే గదా, బీఎస్ 4 నుంచే ఏడాది. ఆరు నెలలకొకసారి ఆ మహానుభావుడి కాళ్ళు పట్టుకుంటా ఉంటావా? లారీల మాట మాత్రం ఒప్పుకుంటా, మా ఊరోణ్ణి నేను, నాకు చెప్పాల్నా.

బస్టాండు_సెంటర్
సరే అది వదిలెయ్. అయితే మన దగ్గర ఢిల్లీలో మాదిరి పదేళ్ళు దాటిన పాత డీజిల్ బండి తిరగకూడదనే రూలు లేదు గాబట్టి ఈ చర్చ. ఉంటే మీ ఈజీఆరూ లేదు, రేకూ లేదు, అందరూ పెట్రోలు బండ్ల ఫోరంలో ఉండేవాళ్ళు.

షెడ్డు_మనిషి
పెన్నా గట్టూ, డబ్బులు తక్కువ అయ్యేదాంతో మొదలుపెట్టు. ఎయిర్ ఫిల్టర్ మార్చు, ఎండలో దులిపి మళ్ళీ పెట్టొద్దు. పైపులన్నీ చేత్తో తడిమి చూడు. ఈజీఆర్ వాల్వు ఊడదీసి కార్బన్ క్లీనర్ పోసి బ్రష్షుతో కడిగించు, వాల్వు వేలితో కదలాల. అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్టర్ల రిటర్న్ టెస్టు చేయించు, నాలుగింటి రిటర్న్ పైపులకి నాలుగు సీసాలు కట్టి ఇంజన్ ఆన్‌లో పెడితే ఏదాంట్లో ఎక్కువ నిండుద్దో అది నీ దొంగ. టర్బో ఆఖర్న.

ఒకటడగడం మర్చిపోయా, డీజిల్ యాడ కొట్టిస్తావు? గుంటల కాడ జనరేటర్ కోసం పెట్టిన డ్రమ్ములోంచి పొయ్యడంలేదు గదా? అడుగున నీళ్ళుంటాయి, ఇంజెక్టర్ నాజిల్ తినేస్తాయి. కొందరు పొగ తగ్గుద్దని కిరసనాయిలు కలుపుతారు, పాత బండికి సరిపోయిందేమో గానీ డీజిల్‌ని బాగా ఒత్తిడితో కొట్టే కామన్ రైల్ పంపుకి డీజిలే గ్రీజు, జిడ్డు తగ్గితే పంపు గీరుకుపోద్ది, అప్పుడు 45 వేలు చిల్లర లెక్క.

టెస్టుకి పోయేముందు బండిని బాగా వేడి చెయ్యి. ఆయిల్ కనీసం 60 డిగ్రీలు దాటాల. హైవే ఎక్కి మూడో గేరులో రేస్ ఎక్కువ పెట్టి పావుగంట తోలు, సైలెన్సర్లో పేరుకున్న మసి అంతా రోడ్డు మీదే ఊడిపోద్ది.

దర్శి_టీచర్
ఆ పావుగంట ఏదైనా ఊరి మధ్యలో తోలకండి దయచేసి.

రొయ్యల_గుంట
మేడమ్ సముద్రం మీద తోలమంటారేమో 😀 డ్రమ్ము మాట నన్నేనా మేస్త్రీ? నేను బంకులోనే కొట్టిస్తా. ఎక్కువగా.

పెన్నా_గట్టు (పది రోజుల తర్వాత)
అయిపోయింది, వివరంగా చెప్తా. మొదట ఫిల్టర్ మార్చి పైపులు చూపించా. ఇంటర్‌కూలర్ దగ్గర ఒక క్లిప్పు వదులై పైపు మీద నూనె మసి పట్టుండాది. బిగించా. ఈడ్చడం పోయింది, ఎక్కుడు రోడ్డులో బండి కుర్రోడి మాదిరి లాగుతుండాది. సంబరపడి వెంటనే టెస్టుకి పోతే 2.9. మళ్ళీ ఫెయిల్. మేస్త్రన్న చెప్పింది అక్షరాలా నిజం, పైపు రోడ్డుకి మందు, టెస్టుకి కాదు.

తర్వాత ఈజీఆర్ ఊడదీయించా. అబ్బా, ఆ మసి చూస్తే పొయ్యి మీది గూడు గుర్తొచ్చింది, వాల్వు సగం తెరుచుకొని అట్టనే బిగుసుకుపోయుండాది. మూడు గంటలు కడిగాడు, 1500 తీసుకున్నాడు. రేకు పెట్టమంటావా అని అడిగాడు, చేతిలో రెడీగా పట్టుకొనే ఉండాడు. వద్దన్నా. నిజం చెప్పాల్నంటే ఒక్క క్షణం ఆగాను. మా వాడికి అయిదేళ్ళు, వాడు ఎప్పుడూ బండి వెనకాలే ఆడతా ఉంటాడు.

కోవూరు దాటి హైవేలో వేడి చేసుకొని పోయా. 1.8. పిల్లోడు సర్టిఫికెట్ చేతికిచ్చి టర్బో మార్పించావా అన్నా అని అడిగాడు. మొత్తం ఖర్చు ఫిల్టర్‌తో కలిపి 2,700.

రొయ్యల_గుంట
చూశారా, ఈజీఆరే దొంగ అని నేను మొదట్నుంచీ చెప్తుండా. కడిగావు బాగుంది. ఏడాదికి మళ్ళీ ఇరుక్కుంటది, అప్పుడు రా.

షెడ్డు_మనిషి
ఇరుక్కుంటది, అది నిజమే. ఊర్లోనే రెండో గేరు మూడో గేరులో తిప్పే బండికి ఇంకా త్వరగా. నెలకొకసారన్నా ఒంగోలు దాకా లాంగ్ తోలు. ఆ వదులైన క్లిప్పు పాతదే బిగించావా, కొత్తది వేశావా?

పెన్నా_గట్టు
పాతదే అన్నా.

షెడ్డు_మనిషి
రేపే మార్చు. 60 రూపాయలు.