వియత్నాం పోతా ఉన్నాం, పింగాణీ కొనడానికి డబ్బులు ఎట్టా తీసుకెళ్లాలి?

కావలి_పిల్ల:
అందరికీ నమస్తే, మాది కావలి. వచ్చే నెల అమ్మానాన్నల్ని తీసుకొని హనోయ్, హోయ్ ఆన్ పోతా ఉన్నాం. అమ్మకి పింగాణీ అంటే ప్రాణం, హనోయ్ దగ్గర ఎర్ర నది ఒడ్డున బాట్ ట్రాంగ్ అని ఊరంతా పింగాణీ చేసేవాళ్లే ఉంటారంట, అక్కడ కప్పుల సెట్టు కొనాలని ఇప్పట్నుంచే అద్దాల బీరువాలో ఒక అర ఖాళీ చేసి పెట్టింది. అంతా క్యాషే తీసుకెళ్లాలా, కార్డు పనిచేస్తుందా, బేరం ఎంతవరకు ఆడొచ్చు? పోయొచ్చినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_బాబాయ్:
అమ్మా, రూపాయలు అక్కడ మార్చుకోవడం కష్టం, ఇక్కడే డాలర్లు తీసుకో. 100 డాలర్ల నోట్లకి రేటు కాస్త మెరుగు, కానీ చినిగినవీ పెన్ను గీతలున్నవీ వద్దంటారు. అక్కడి డబ్బు డాంగ్, రూపాయికి సుమారు 300 డాంగ్ అనుకో, లక్ష డాంగ్ అంటే మన 330 అటూఇటుగా. అంగట్లో మూడు సున్నాలు వదిలేసి వంద అంటారు, అంటే లక్ష అన్నమాట.

అసలు జాగ్రత్త నోట్లతో. 20 వేల నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే, రెండిటి మీదా హో చి మిన్ బొమ్మే. రాత్రిపూట టాక్సీ దిగుతా మీ పిన్ని 20 వేల నోటనుకొని 5 లక్షల నోటు ఇచ్చేసింది, అంటే మన 66 రూపాయలనుకొని 1,650 రూపాయలు, రూముకొచ్చి లెక్క చూసుకుంటే గానీ తెలీలా, ఆ పూట అన్నం కూడా తినలేదు. 5 లక్షల నోట్లు వేరే పర్సులో పెట్టుకో తల్లీ.

ట్రంకురోడ్డు_నెల్లూరు:
కార్డు హోటళ్లలో, పెద్ద షాపుల్లో నడుస్తుంది, సంతల్లో క్యాషే. బయలుదేరేముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోండి. మెషిన్లో రూపాయలా డాంగా అని అడిగితే డాంగే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ల ఇష్టం వచ్చిన రేటు పడుతుంది. మన బ్యాంకు మార్కప్, అంటే విదేశీ డబ్బు మార్చినందుకు వేసే చార్జీ, ఎట్టాగూ ఉంటుంది, చాలా కార్డులకి 3.5 శాతం దాకా, దాని మీద జీఎస్టీ.

ఉదయగిరి_గరిటె:
అక్కా, బేరం గురించి నేను చెప్తా. మాది ఉదయగిరి, చెక్క గరిటెలు చేసే ఊరు. నర్ది చెక్క చెక్కి, ఆకురాయితో రుద్ది, కాడ మీద సన్న పువ్వు తెచ్చేసరికి వేళ్లు బొబ్బలెక్కుతాయి, అది చేతిలో పట్టుకొని సగానికిస్తావా అంటే ఎట్టుంటుందో చూసినోణ్ణి. నైట్ మార్కెట్లో గట్టిగా బేరమాడండి, తప్పులేదు. కానీ చేసే మనిషి దగ్గరే కొంటుంటే నాలుగైదు తీసుకొని కాస్త తగ్గించమనండి, చాలు. నాలుగు కప్పులు పక్కపక్కన పెట్టి చూడండి, చేత్తో వేసిన పువ్వయితే దేనికది కొంచెం తేడాగా ఉంటుంది, అచ్చు గుద్దినట్టుంటే అది స్టిక్కరు. గోటితో కొడితే ఖంగుమనాలి, చప్పగా మోగితే పగులుందని. హోయ్ ఆన్ లాంతర్లు గొడుగులాగా ముడుచుకుంటాయి, అవి సూట్‌కేసులో పెట్టి కప్పులు మాత్రం చేతి బ్యాగులోనే తెచ్చుకోండి.

కావలి_పిల్ల:
బాబాయ్, తమ్ముడూ, అందరికీ చాలా థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించా, గోటితో కొట్టడం ఇంట్లో గ్లాసుల మీద మొదలుపెట్టేసింది. కప్పులు చుట్టడానికి రెండు పాత నూలు చీరలు కూడా పెట్టెలో పెట్టింది.