నెక్లెస్ రోడ్డులో గుంపుగా పరిగెడుతున్నాం, వెనకబడేవాళ్లని ఎలా కలుపుకుపోవాలి?

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ నుంచి తొమ్మిది మందిమి ప్రతి ఆదివారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డుకి వెళ్తున్నాం. సంజీవయ్య పార్కు దగ్గర మొదలుపెట్టి, హుస్సేన్‌సాగర్ పక్కనే పీపుల్స్ ప్లాజా దాకా పరిగెత్తి మళ్లీ వెనక్కి వస్తాం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10 కిలోమీటర్లు పూర్తి చేయాలని అందరి కోరిక.

ఇబ్బంది వేగంతోనే. ముగ్గురు కుర్రాళ్లు కిలోమీటరు 6 నిమిషాల్లో వెళ్లిపోతారు. మిగతావాళ్లకి 8, 9 పడుతుంది. కొత్తగా చేరిన ఒక అక్కకి 52 ఏళ్లు. పోయిన వారం ఆవిడ బాగా వెనకబడి, చివరికి ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబోయింది. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఆవిడ మానేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగమే మొదట్లో మంచిదంటారు కదా, అందరం అలాగే వెళ్తే కుర్రాళ్లకి విసుగొస్తుందా? లేక ముందున్నవాళ్లు వెనక్కి తిరిగొచ్చి చివరివాళ్లతో కలిస్తే బాగుంటుందా? ఎవరైనా ఇలా చేసి చూశారా?

ఇంకోటి. నలుగురం పక్కపక్కనే పరిగెడుతుంటే వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయనకి మోచెయ్యి తగిలింది. తప్పు మాదే, క్షమించమని అడిగాం. అప్పటి నుంచి ఇద్దరిద్దరుగానే వెళ్తున్నాం.

గట్టి నేల మీద పరిగెత్తి ఇద్దరికి మోకాలి కింద ఎముక పొడవునా నొప్పి వస్తోంది. వారంలో ఒకరోజు మట్టిదారికి మారితే తగ్గుతుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.